అందం కోసం గీసిన టేబుల్ చెవికి కూడా అర్థమవ్వాలంటే

మొన్న మాఘమాసంలో ఒక పెళ్లి శుభలేఖ వర్డ్‌లో నేనే కొట్టి ఇచ్చాను. అమ్మాయి వాళ్లది పాలకొల్లు, అబ్బాయి వాళ్లది రాజోలు. మన వైపు శుభలేఖలు ఎలా ఉంటాయో తెలుసుగా, పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు, కింద ఎడమవైపు అమ్మాయి ఎవరి మనుమరాలో ఎవరి కూతురో, కుడివైపు అబ్బాయి సంగతి. రెండు పక్కలా లైనుకి లైను ఎదురెదురుగా కూర్చోవాలి కాబట్టి రెండు కాలమ్‌ల టేబుల్ పెట్టేసి, లైనుకొక వరస చొప్పున టైపు చేసి, చివర్లో గీతలు కనపడకుండా తీసేశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. ప్రింటుకి పంపే ముందు ఫైలు మా పెదనాన్నగారికి పంపాను, ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, తప్పులు పట్టడంలో దిట్ట. నీటికాసులతో చూపు పోయాక ఇప్పుడు లాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పెట్టుకుని అన్నీ వింటారు. అరగంటలో ఫోను.

“ఏరా అబ్బాయ్, ఇంతకీ పిల్ల ఎవరి మనుమరాలురా? నాకైతే ఇద్దరు తాతలూ ఒకే పిల్లకి తాతల్లా వినపడుతున్నారు.”

ఆయనకి వినపడింది ఇదీ: “పాలకొల్లు వాస్తవ్యులు. రాజోలు వాస్తవ్యులు. శ్రీ ఫలానా గారి. శ్రీ ఫలానా గారి. మనుమరాలు. మనుమడు. ద్వితీయ పుత్రిక. జ్యేష్ఠ పుత్రుడు.” మధ్యమధ్యలో “రో త్రీ కాలమ్ వన్, కాలమ్ టూ” అని ఇంగ్లీషులో పాట. చించినాడ వంతెన ఎక్కితే పాలకొల్లూ రాజోలూ ఎంత దూరం గానీ, తాంబూలాలు కూడా అవ్వకుండా రెండు వంశాల్నీ అలా కలిపేస్తే ఎలా?

తప్పు ఎన్‌వీడీఏది కాదు. స్క్రీన్ రీడర్ టేబుల్‌ని అడ్డంగానే చదువుతుంది: మొదటి వరసలో మొదటి గడి మొత్తం, దాని పక్క గడి మొత్తం, అలా ఆ వరస అయ్యాక కింద వరస. కాలువలో నీళ్లు లాకు దాటాకే శివారుకి వెళ్లినట్టు దానికి ఒక్కటే దారి. మన కళ్లు మాత్రం గీతలు లేకపోయినా ఎడమ పక్కంతా చదివేసి కుడి పక్కకి వెళ్తాయి, అది మన కంటి తెలివే గానీ ఫైల్లో ఎక్కడా రాసి ఉండదు.

నేను అమలాపురంలో డీటీపీ పని చేసుకునేవాణ్ని, పెద్ద నిపుణుణ్ని కాను. ఆ ఫోను తర్వాత నేర్చుకుని ఇప్పుడు రోజూ చేస్తున్న పద్ధతి రాస్తున్నాను. వర్డ్ తెలిసిన ఎవరైనా చేసుకోవచ్చు.

ముందుగా ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత ఆ టేబుల్‌ని చూసి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ గడిలో ఉన్నది అర్థం కావాలంటే పైన కాలమ్ పేరు కావాలా? సొసైటీలో గోడకి అంటించే ఎరువుల రేట్లు, బస్సుల టైములు, పిల్లల మార్కులు, వీటిలో “42” అన్న అంకె ఒక్కటీ వింటే ఏమీ తెలియదు, అది ఏ సబ్జెక్టులో ఎవరికి వచ్చిందో తెలియాలి. అది సమాచారం ఉన్న నిజమైన పట్టిక, దాన్ని టేబుల్‌గానే ఉంచాలి, పైన హెడర్, అంటే కాలమ్ పేర్లున్న వరస, ఉండాలి. శుభలేఖ, బయోడేటా, లెటర్‌హెడ్, క్వశ్చన్ పేపర్ పైన ఎడమవైపు సమయం కుడివైపు మార్కులు, ఇలాంటివన్నీ కేవలం సర్దుడు కోసం పెట్టిన టేబుళ్లు. మన గొడవంతా ఈ రెండో రకంతోనే.

రెండూ కలిసిపోయినవి కూడా వస్తాయి, జాగ్రత్త. కడియం నర్సరీ వాళ్ల క్యాటలాగు ఒకటి నా దగ్గరికి వచ్చింది. పేజీకి అడ్డంగా మూడు మొక్కలు: పై వరసలో మూడు ఫోటోలు, కింద వరసలో మూడు పేర్లు, దాని కింద మూడు ధరలు. కంటికి మూడు బొమ్మలు మూడు అరల్లో పెట్టినట్టు ముచ్చటగా ఉంటుంది, చెవికి మాత్రం ఫోటో ఫోటో ఫోటో, గులాబీ క్రోటన్ మందారం, ధర ధర ధర. ఏ ధర దేనికో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఇది నిజానికి సమాచారమే, సర్దుడు పేరుతో దాన్ని చెడగొట్టారు. మొక్కకొక వరస ఇచ్చి, పేరు, కుండీ సైజు, ధర అని పైన హెడర్ పెట్టి, ఫోటోకి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో స్క్రీన్ రీడర్ చదివి చెప్పే మాట) రాసేస్తే చాలు, అమ్మేవాడికీ సుఖం కొనేవాడికీ సుఖం.

సర్దుడు టేబులే అని తేలాక, అది ఏ వరసలో వినపడుతుందో చూడాలి. దీనికి స్క్రీన్ రీడర్ కూడా అక్కర్లేదు. మొదటి గడిలో కర్సర్ పెట్టి ట్యాబ్ నొక్కుతూ పోండి, కర్సర్ వెళ్లే దారే చదివే దారి (చివరి గడిలో ఇంకోసారి నొక్కితే కొత్త వరస పుట్టుకొస్తుంది, కంగారుపడకుండా కంట్రోల్ జెడ్ కొట్టండి). దీనికంటే నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. టేబుల్‌లో క్లిక్ చేస్తే పైన చివర్లో టేబుల్ డిజైన్, దాని పక్కన లేఅవుట్ అని రెండు ట్యాబులు వస్తాయి. పేజీ లేఅవుట్‌ ఇంకోటి అంతకుముందే ఉంటుంది, అందులోకి వెళ్లి వెతుక్కుంటూ నేను చాలాసేపు తిట్టుకున్నాను, మీరు చివర ఉన్నదాన్నే నొక్కండి. అందులో కన్వర్ట్ టు టెక్స్ట్ కొట్టి, పేరాగ్రాఫ్ మార్క్స్ ఎంచుకుని ఓకే అనండి. గడులన్నీ విడిపోయి ఒకదాని కింద ఒకటి పడతాయి. పెదనాన్నగారికి వినపడేది అక్షరాలా అదే. పైనుంచి కిందకి చదివి అర్థమైతే టేబుల్ ఫరవాలేదు, అర్థం కాకపోతే మార్చాలి.

ఇంకో రకం పొరపాటు ఉంది, ఇది శుభలేఖకి సరిగ్గా తలకిందులు. ఒకే వరస, రెండే గడులు, ఎడమ గడిలో ఎంటర్ కొట్టుకుంటూ కార్యక్రమాల పేర్లు, కుడి గడిలో ఎంటర్ కొట్టుకుంటూ టైములు. కంటికి ఎదురెదురుగానే కనపడతాయి. చదివేటప్పుడు మాత్రం ప్రదానం, స్నాతకం, సుముహూర్తం, విందు అన్నీ గడగడా అయిపోయాక టైములన్నీ ఒక మూటగా వస్తాయి. పైగా ఫాంటు కొంచెం పెంచితే పేరు రెండు లైన్లయిపోయి టైములు ఒక మెట్టు జారతాయి, విందు టైములో సుముహూర్తం పడుతుంది. అది చూపున్న వాళ్లకి కూడా ప్రమాదమే కదా. దీనికి విరుగుడు సులువు, కార్యక్రమానికి ఒక వరస.

సరే, ఇప్పుడు మార్చడం. టేబుల్‌ని బాగుచేయడం కంటే తీసేయడమే మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే “ఇది అందం కోసం పెట్టిన టేబుల్, పట్టించుకోకు” అని స్క్రీన్ రీడర్‌కి చెప్పే మీట వర్డ్‌లో లేదు, వెబ్ పేజీల్లో ఉంది, దాని సంగతి తర్వాత చెప్తాను.

ఎడమ పక్కంతా చదివాక కుడి పక్కకి వెళ్లాల్సినవి, అంటే శుభలేఖ, రెండు కాలమ్‌ల కరపత్రం లాంటివి, కాలమ్స్‌తో చేయండి. అమ్మాయి వివరాలు మొత్తం, దాని కింద అబ్బాయి వివరాలు మొత్తం మామూలుగా టైపు చేసి, ఆ ముక్కంతా సెలెక్ట్ చేసి, ఈసారి పేజీ లేఅవుట్ ట్యాబులో కాలమ్స్ నొక్కి టూ అనండి. అబ్బాయి వివరాలు మొదలయ్యే చోట కర్సర్ పెట్టి కంట్రోల్ షిఫ్ట్ ఎంటర్ కొడితే అక్కణ్నుంచి పక్క కాలమ్‌లోకి ఎగురుతుంది. పైన శ్రీరస్తు, కింద వేదిక వరసలు పేజీ వెడల్పునే ఉంటాయి, ఎందుకంటే సెలెక్ట్ చేసిన భాగానికి ముందూ వెనకా వర్డే సెక్షన్ బ్రేకులు వేసుకుంటుంది. లైన్లు ఎదురెదురుగా రావాలంటే రెండు పక్కలా లైన్ల లెక్క, ఫాంటు సైజు, పేరా స్పేసింగ్ ఒకటే పెట్టండి, అంతే, చూసేవాళ్లకి టేబులా కాలమా అన్నది తేడా తెలియదు.

ఒకే లైనులో ఎడమ ఒకటి కుడి ఒకటి ఉండాల్సినవి, అంటే “తేదీ” కుడి చివర రావడం, టిఫిన్ హోటల్ మెనూలో ఇడ్లీ పక్కన ధర, ఇలాంటివి ట్యాబ్ స్టాప్‌తో చేయండి. పైన రూలర్ మీద కావాల్సిన చోట క్లిక్ చేస్తే ట్యాబ్ గుర్తు పడుతుంది, దాని మీద డబుల్ క్లిక్ చేస్తే వచ్చే పెట్టెలో రైట్ అని, లీడర్‌లో చుక్కలు అని ఎంచుకోండి. పేరు టైపు చేసి ట్యాబ్ ఒక్కసారి కొట్టి ధర రాయండి. ఆ చుక్కలు గీసినవే గానీ అక్షరాలు కావు, చేత్తో వరసగా కొట్టిన చుక్కలైతే అవి అక్షరాలే, వాటిని కూడా చదవాల్సి వస్తుంది. స్పేస్‌బార్‌తో నెట్టుకుంటూ సర్దే అలవాటు ఉంటే ఇక్కడితో మానేయండి, ఫాంటు మారగానే మొత్తం చెదిరిపోతుంది.

టేబుల్ వద్దన్నాను కదా అని టెక్స్ట్ బాక్సులు మాత్రం పెట్టకండి. పేజీ మీద తేలే టెక్స్ట్ బాక్సు మామూలు టెక్స్ట్ దారిలో ఉండదు, వింటూ పోయేవాళ్లకి అది ఎక్కడో తగులుతుంది లేదా అసలు తగలకుండానే పోతుంది. టేబులే వెయ్యి రెట్లు నయం.

కొన్నిసార్లు టేబుల్ తీయడం కుదరదు. అవతలి వాళ్లు ఇచ్చిన ఫారమ్ అయ్యుంటుంది, లేదా రేపు పొద్దుటికి కావాలి అని టెన్షన్ పెడుతుంటారు. అప్పుడు ఇవి చేయండి. గడులు కలపడం, విడగొట్టడం, టేబుల్‌లో ఇంకో టేబుల్ దూర్చడం, ఈ మూడూ ఉంటే విప్పేయండి, చదివే వరస తెగిపోయేది అక్కడే. ఖాళీ కోసం పెట్టిన ఉత్త వరసలు, ఉత్త కాలమ్‌లు తీసేసి పేరా స్పేసింగ్ పెంచుకోండి, లేకపోతే వినేవాళ్లకి ప్రతి ఉత్త గడి దగ్గరా ఒక ఆగుడు. టేబుల్ ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ర్యాపింగ్ నన్ అని పెట్టండి. అక్కడే రో అన్న ట్యాబులో స్పెసిఫై హైట్ దగ్గర టిక్ తీసేయండి. ఎత్తు బిగించేస్తే, చూపు తక్కువై అక్షరాలు పెద్దవి చేసుకునేవాళ్లకి లైను సగానికి కోసుకుపోతుంది. తెలుగులో వత్తులు కిందకి దిగుతాయి కాబట్టి ముందు పోయేవి అవే.

ఇక హెడర్ సంగతి. వర్డ్‌లో కొత్త టేబుల్ పెట్టగానే టేబుల్ డిజైన్‌లో హెడర్ రో, ఫస్ట్ కాలమ్ అన్న రెండు టిక్‌లూ దానంతట అదే పెట్టేస్తుంది. సమాచార పట్టికకి హెడర్ రో కావాలి. సర్దుడు టేబుల్‌కి రెండూ తీసేయండి, లేకపోతే మొదటి గడిలో ఉన్న “పాలకొల్లు వాస్తవ్యులు” కింద ఉన్న అందరికీ శీర్షిక అన్న అర్థం వచ్చే అవకాశం ఉంది. అయితే తీసేశాక రివ్యూలో చెక్ యాక్సెసిబిలిటీ నొక్కితే టేబుల్‌కి హెడర్ లేదని అది నస పెడుతుంది. ఆ హెచ్చరిక పోగొట్టడానికి టిక్ మళ్లీ పెట్టేవాళ్లని చూశాను, నేనూ ఒకసారి పెట్టాను. అలా చేయకండి. ఆ చెకర్‌కి మీ టేబుల్ అందానికా అంకెలకా అన్నది తెలియదు, మీకు తెలుసు. దాని మాట వినాల్సింది కలిపిన గడుల గురించి, ఆల్ట్ టెక్స్ట్ లేని బొమ్మల గురించి చెప్పినప్పుడు.

వెబ్ పేజీ రాసేవాళ్లకి పని తేలిక. పాత పేజీలూ ఈమెయిల్ న్యూస్‌లెటర్లూ ఇప్పటికీ టేబుళ్ల మీదే నిలబడి ఉంటాయి. అలాంటి టేబుల్ ట్యాగులో రోల్ అనే యాట్రిబ్యూట్ పెట్టి దానికి ప్రెజెంటేషన్ అని విలువ ఇస్తే, స్క్రీన్ రీడర్ వరసలు కాలమ్‌లు అని లెక్కలు చెప్పడం మానేసి లోపలి మాటలు మాత్రం చదువుతుంది. లోపల ఇంకో టేబుల్ ఉంటే దానికి విడిగా మళ్లీ పెట్టాలి, పైదానికి పెట్టింది దానికి అందదు. ఇలా పెట్టిన టేబుల్‌లో టీహెచ్, క్యాప్షన్, స్కోప్ వాడకండి, ఒక పక్క పట్టిక కాదంటూ ఇంకో పక్క పట్టికే అన్నట్టు ఉంటుంది. ఇంకో మాట, రోల్ పెట్టినంత మాత్రాన చదివే వరస మారదు, అడ్డదిడ్డంగా ఉన్నది అడ్డదిడ్డంగానే వినపడుతుంది. కొత్త పేజీ అయితే సీఎస్ఎస్‌లో గ్రిడ్ గానీ ఫ్లెక్స్ గానీ వాడి అసలు టేబుల్ జోలికే పోకండి.

“ఆయ్, మాకివన్నీ ఎందుకండీ, చూడ్డానికి బాగుంటే చాలండీ” అంటారు కొందరు కస్టమర్లు. పెళ్లివాళ్లతో నేను వాదించను, చేసి ఇచ్చేస్తాను, వాళ్లకి తేడా కూడా తెలియదు. కాలేజీలకీ ఆఫీసులకీ పని చేసేవాళ్లు మాత్రం తెలుసుకోవాలి: వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, ఎలక్ట్రానిక్ సమాచారం వాళ్లకి అందుబాటులో ఉండాలని అందులోనే ఉంది. డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. వెబ్ పేజీలు వికలాంగులకి కూడా అందేలా ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ ప్రమాణాల్లో 1.3.2 అన్న నియమం సరిగ్గా మన టేబుల్ గురించే అన్నట్టు ఉంటుంది: వరస మారితే అర్థం మారేచోట సరైన వరస సాఫ్ట్‌వేర్‌కి తెలిసేలా ఉండాలని. 2011 జనాభా లెక్కల్లో దేశంలో చూపు లోపం ఉన్నవాళ్లు 50 లక్షల పైన తేలారు, అంటే మీ నోటీసు వినేవాడు ఎక్కడో లేడు.

పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్‌లోకి వెళ్లి ప్రింట్ టు పీడీఎఫ్ కొడితే ఇంతసేపు పడ్డ కష్టం గోదాట్లో కలిసినట్టే, ఏది శీర్షిక ఏది పట్టిక అని స్క్రీన్ రీడర్‌కి చెప్పే లోపలి ట్యాగులు రావు. సేవ్ యాజ్‌లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ ఫర్ యాక్సెసిబిలిటీ అన్నదానికి టిక్ ఉందో లేదో చూసుకుని సేవ్ చేయండి.

మన తెలుగువాళ్లకి దీనికంటే పెద్ద తలనొప్పి ఫాంటు. డీటీపీ షాపుల్లో అను లాంటి పాత ఫాంట్లతో కొట్టింది కంటికి తెలుగే గానీ ఫైలు లోపల ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ ఉంటాయి, స్క్రీన్ రీడర్ వాటిని చదివితే మంత్రం తిరగేసి చదివినట్టు ఉంటుంది. టేబుల్ ఎంత చక్కగా సర్దినా దండగ. ఫైలు లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్‌లోనే కొట్టండి, నిర్మలా యూఐ ఫాంటు విండోస్‌తోనే వస్తుంది. టెక్స్ట్ సెలెక్ట్ చేసి రివ్యూలో లాంగ్వేజ్ తెలుగు అని కూడా పెట్టండి. పీడీఎఫ్‌లో యూనికోడ్ తెలుగు కూడా కొన్నిసార్లు లోపల చెదురుతుంది, వత్తులు ఒక దగ్గర అక్షరం ఒక దగ్గర అవుతాయి, కాబట్టి ఒక పేరా కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. అక్కడ చెదిరితే చెవిలోనూ చెదురుతుంది, అప్పుడు పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలు కూడా పంపడమే మార్గం. వాట్సాప్‌లో ఫోటోగా పంపే శుభలేఖలో అసలు అక్షరమే ఉండదు, బొమ్మ కింద ముహూర్తం, వేదిక రెండు లైన్లు టైపు చేయండి.

చివరిగా ఒకసారి మొత్తం వినండి. ఎన్‌వీడీఏ ఉచితం, 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్, జేమ్స్ టే అనే ఇద్దరు చూపులేని కుర్రాళ్లు మొదలుపెట్టారు, దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది, కాకపోతే గొంతు రేకు డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది, రెండు రోజుల్లో అలవాటవుతుంది. ఇన్‌సర్ట్ కీ పట్టుకుని కింద బాణం కొడితే అక్కణ్నుంచి వరసగా చదువుతుంది. అది దించుకునే ఓపిక లేకపోతే ఎడ్జ్ బ్రౌజర్‌లో పీడీఎఫ్ తెరిచి కంట్రోల్ షిఫ్ట్ యూ కొట్టండి, తెలుగు గొంతులు మోహన్, శ్రుతి అని రెండున్నాయి, వినసొంపుగానే చదువుతారు. కళ్లు మూసుకుని వినండి, తెరిచి వింటే మన కళ్లు తెలివి చూపించి తప్పుల్ని సర్దేసుకుంటాయి.

నేను ఆ రోజు ఇదంతా తెలియక, శుభలేఖని కాలమ్స్‌లోకి మార్చి వినకుండానే పెదనాన్నగారికి మళ్లీ పంపాను. ఈసారి తాతల గొడవ రాలేదు.

“వరస కుదిరింది గానీ, సుముహూర్తంలో దీర్ఘం తినేశావేంట్రా?” అన్నారు.